ఏ తెలుపు?

మంగళ, గురువారాలు సాయంత్రం ఆరింటికి
ఆబర్న్ కమ్యూనిటీ కాలేజీ, నూట పద్నాలుగో గది.
హీటరు పక్క కుర్చీ నాది.
యాభై ఆరేళ్ళకి మళ్ళీ ముందు బెంచీ.

పింకమ్ అని కుర్రాడు, మాకు మాస్టారు.
గడ్డం ఇంకా బుగ్గల దాకా పాకలేదు.
"తెరిచిన ప్రతి ట్యాగునీ మూసేయాలి" అన్నాడు మొదటి రోజు,
"మరిచిపోతే పేజీ మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది."
మూయడం గురించి నాకొకరు చెప్పాలా.
నది ఎగువన ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన మిల్లు
ఒక శుక్రవారం షిఫ్టు నడుస్తుండగానే మూసేశారు.
సగం తాగిన నా కాఫీ
ఇప్పటికీ ఆ కిటికీలోనే ఉండాలి.

మూడో వారం రంగులు.
"తెలుపంటే ఆరు ఎఫ్‌లు" అని
బోర్డు తుడిచి నలుపులోకి వెళ్ళిపోతున్నాడు.
చెయ్యెత్తాను.
ఏ తెలుపు?

కాగితం కట్టలు లెక్కపెట్టిన వేళ్ళివి.
బర్చి చెక్క తెలుపు వేరు, స్ప్రూసు తెలుపు వేరు.
బ్లీచి ఎక్కువైన రోజు తెలుపు
నీలంగా కళ్ళలో గుచ్చుకుంటుంది.
మంచు కరిగి నది బురదెక్కినప్పుడు
రోలు రోలంతా ఒళ్ళు వెచ్చబడ్డట్టుండేది.
బైబిళ్ళకి వెళ్ళే సన్న కాగితం ఇంకొకటి,
వెనక వేలు పెడితే గోరు కూడా కనపడుతుంది.
తిప్పి పంపేసిన సరుకుందే,
అది మా అమ్మ గంజి పెట్టిన ఏప్రన్ తెలుపు.
ఇన్నిటికీ ఒకటే నంబరా?

గదిలో ఎవరూ మాట్లాడలేదు.
పక్క కుర్చీలో హోదన్
నవ్వాపుకోలేక తలగుడ్డ అంచు నోట కరుచుకుంది.

రాత్రంతా వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీ ఆ పిల్లకి.
మార్జినూ ప్యాడింగూ నాకు కలిసిపోతుంటే
ఆవలిస్తూనే విడమరిచింది:
"ప్యాడింగ్ అంటే నీ కోటు లోపలి దూది.
మార్జిన్ అంటే బస్సులో
నా పక్కన ఎవరూ కూర్చోని సీటు."
అని, మళ్ళీ కీబోర్డు మీదకి వంగింది,
వాతావరణం సంగతి చెప్పినట్టు.
ఇంటికి వెళ్తూ లెక్కేసుకున్నాను
నేనలా నిలబడే వెళ్ళింది ఎన్నిసార్లని.
రెండు.
కాదు, మూడు.

ప్రాజెక్టుకి మా మరిది రెయాల్ వానపాముల దుకాణం.
దుకాణమంటే గ్యారేజీలో రెండు ఫ్రిజ్‌లు.
డజను నాలుగు డాలర్లు.
చర్చికి ముందే గాలం పట్టుకెళ్ళేవాళ్ళ కోసం
ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే తెరుస్తాడు.
ఫోటో పెట్టి ఫోన్లో చూస్తే
ఒక్క వానపామే తెరకి అడ్డంగా పాకి
అంచు దాటి ఎటో పోతోంది.
హోదన్ ఒక్క లైను రాసింది.
బుద్ధిగా ముడుచుకుని లోపలికొచ్చింది.
రెయాల్ కళ్ళద్దాలు పైకెత్తి చూసి
"ధర ఇంకా పెద్దగా" అన్నాడు, ఫ్రెంచిలో.
సంతోషమేస్తేనే వాడికి ఫ్రెంచి వస్తుంది.

ఇక వెనక రంగొక్కటే బాకీ.
ఆఖరి రోజు రోలు తోక నుంచి చింపుకొచ్చిన కాగితం
ఇన్సూరెన్సు బిల్లుల మధ్య దాచి ఉంచాను.
తెర పక్కన పట్టుకుని అంకెలు మార్చాను.
ఎఫ్ తీసి ఇ. ఇ తీసి డి.
పసుపు ఎక్కువైంది. వెనక్కి.
ఇప్పుడు పాలిపోయింది.
విసుగొచ్చి కాగితాన్ని తెరకే ఆనించాను.
వెలుగు దాంట్లోంచి నడిచొచ్చింది.
పీచు, పీచు మధ్య మిల్లు నీటిగుర్తు,
దాని వెనక మసగ్గా
డజను నాలుగు డాలర్లు.

"తొమ్మిదికి ల్యాబు మూసేస్తారు" అన్నాడు పింకమ్.
ఇంకొక్క అంకె, అన్నాను.
ఆ అంకె కూడా కుదరలేదు.

హోదన్ అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటోంది.
బస్సు తొమ్మిదీ పదికి.
ఆగు, నేను దింపుతానన్నాను.
కారు ముందు సీట్లో రెయాల్ ఇచ్చిన వానపాముల డబ్బా.
తీసి వెనక పెట్టాను.